హెబ్రోన్ బజారులో నెత్తిమీద వల

2018 మార్చిలో నాతో జెరూసలేం వచ్చింది డబ్లిన్‌లో మా వీధి చివర ఉండే పెద్దాయన. రిటైరైన విలేకరి, బెల్‌ఫాస్ట్ గొడవల మీద ఏళ్ళ తరబడి వార్తలు రాసిన మనిషి. "అక్కడ ఎవరినీ రాజకీయాలు అడక్కు. పొద్దున ఎన్నింటికి లేచావు, పనికెలా వెళ్తావు అని అడుగు చాలు" అన్నారు విమానంలోనే.

ఆ ప్రశ్నతోనే బెత్లెహేం చెక్‌పోస్టుకు వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగింటికే క్యూ నిండిపోయింది. అటూ ఇటూ ఇనుప ఊచలు, మధ్యలో పర్మిట్లతో ఇజ్రాయెల్‌లో పనికెళ్ళే పాలస్తీనా తాపీ పనివాళ్ళు, చేతుల్లో రొట్టెల సంచులు. ఒకతను రెండున్నరకు లేచాడట. పని ఏడింటికి, దూరం చూస్తే పది కిలోమీటర్లే. (2023 అక్టోబర్ 7న హమాస్ దాడి తర్వాత ఇజ్రాయెల్ ఆ పర్మిట్లు దాదాపు అన్నీ ఆపేసింది.)

టెల్ అవీవ్ బస్సులో తెలుగు వినపడి తిరిగి చూశాను. జగిత్యాల వైపు అమ్మాయి, ఒక వృద్ధురాలి దగ్గర కేర్‌గివర్. అదే ప్రశ్న అడిగితే నవ్వేసింది: "ముసలమ్మ ఎప్పుడు లేస్తే అప్పుడేనన్నా."

వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా ఊరు హెబ్రోన్‌లో మాత్రం మాటలు తగ్గిపోయాయి. 1997 ఒప్పందంతో ఊరు రెండు ముక్కలైంది, ఒకటి పాలస్తీనా చేతిలో, ఇంకొకటి ఇజ్రాయెల్ సైన్యం చేతిలో. పాత బజారులో నెత్తిమీద ఇనుప వల కట్టారు. పై అంతస్తుల్లో యూదు సెటిలర్ల ఇళ్ళు, అంటే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ ఇజ్రాయెలీలవి. వల మీద సీసాలు, ఇటుక ముక్కలు, ఒక పిల్లల చెప్పు. కొట్టాయన సేజ్ ఆకు వేసిన టీ ఇచ్చి, "రాళ్ళు ఆగుతాయి గానీ మురికినీళ్ళు ఆగవు కదా" అన్నాడు. అతని బట్టల కొట్టుకు పైన ప్లాస్టిక్ పట్టా కూడా ఉంది.

అక్కడికి దగ్గర్లోనే షుహదా వీధి. తలుపులకు వెల్డింగ్ కొట్టేసిన కొట్లు. 1994లో ఇబ్రహీమీ మసీదులో ఒక సెటిలర్ 29 మందిని కాల్చి చంపాక మొదలైన ఆంక్షలు ఇంత దాకా వచ్చాయి. సెటిలర్లనడిగితే కథ 1929 నుంచి మొదలుపెడతారు, ఆ ఏడు ఇక్కడ 67 మంది యూదులను చంపారు.

"మా దగ్గరా అంతే. ప్రొటెస్టంట్లకు కథ 1690 యుద్ధంలో గెలుపు నుంచి, కాథలిక్కులకు 1916 తిరుగుబాటు నుంచి" అన్నారు పెద్దాయన. వెంటనే ఆయనకే చిరాకేసింది. "ఇదే మా ఐరిష్ జబ్బు. ఎక్కడ గోడ కనిపించినా మా గోడే అనుకుంటాం." నిజమే, బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్ పేటల్లో పాలస్తీనా జెండాలు, ప్రొటెస్టంట్ పేటల్లో ఇజ్రాయెల్ జెండాలు నేనూ చూశాను. 1983లో ఇజ్రాయెల్ అధ్యక్షుడైన ఖాయిమ్ హెర్జోగ్ పుట్టిందీ ఆ ఊళ్ళోనే. ఈ పోలికలు ఐర్లండ్ పేపర్లకు బాగా నప్పుతాయి. వల కింద టీ తాగుతున్నవాడికి వాటితో పనేముంది?

చివరి రోజు గాజా పక్కనే ఉన్న ఇజ్రాయెల్ ఊరు స్దెరోత్. గుట్ట మీంచి గాజా ఇళ్ళు కనిపించాయి, బేత్ హానూన్ వైపువి. 2023లో హమాస్ మనుషులు ట్రక్కుల్లో ఈ ఊళ్ళోకే వచ్చి జనాన్ని కాల్చారు. ఆ తర్వాతి యుద్ధంలో అవతలి ఇళ్ళు చాలావరకు నేలమట్టమయ్యాయి. ఆరోజు మాత్రం పార్కులో పిల్లలు ఆడుకుంటున్నారు. అక్కడ రంగులేసిన పెద్ద కాంక్రీటు గొంగళిపురుగు ఉంది. అది బంకరు. గాజా నుంచి రాకెట్ వస్తోందని సైరన్ మోగాక దొరికేది 15 సెకన్లు. "కార్లో ఇద్దరు పిల్లలుంటే ముందు ఎవరి బెల్టు విప్పాలి?" అని ఒక తల్లి మమ్మల్నే అడిగింది.

పెద్దాయనకు మోకాలి నొప్పి. ఉయ్యాల దగ్గర నుంచి గొంగళిపురుగు దాకా సెకన్లు పైకి లెక్కపెడుతూ నడిచారు. 22 అయ్యింది.