ఖుత్బా చివర వినిపించే ఆయత్

జుమా (శుక్రవారం) రోజు ఇమాం సాబ్ రెండో ఖుత్బా (నమాజ్‌కు ముందు చేసే ప్రసంగం) ముగించే ముందు, మన దగ్గర చాలా మసీదుల్లో, ఒక ఆయత్ (ఖుర్ఆన్ వాక్యం) చదువుతారు. "ఇన్నల్లాహ యఅ్మురు బిల్ అద్లి వల్ ఇహ్సాన్..." ఆ మాటలు చెవిన పడగానే వెనక వరుసల్లో కదలిక మొదలవుతుంది. గోడకు చేరగిలబడ్డవాళ్ళు నిటారుగా కూర్చుంటారు. టోపీలు సర్దుకుంటారు. ఫోన్ సైలెంట్‌లో ఉందో లేదో జేబు పైనుంచే తడిమి చూసుకుంటారు. అరబీ ఒక్క ముక్క రానివాడు కూడా ఈ ఆయత్‌ను గుర్తుపడతాడు. కాకపోతే దాని అర్థం తెలిసి కాదు, ఖుత్బా అయిపోయింది, ఇక లేచి నమాజ్ వరుస‌లో నిలబడాలని.

అది నహ్ల్ సూరా (ఖుర్ఆన్ అధ్యాయం)లోని 90వ ఆయత్. "న్యాయం చేయమని, మేలు చేయమని, బంధువులకు ఇవ్వమని అల్లాహ్ ఆదేశిస్తున్నాడు. సిగ్గుమాలిన పనులు, చెడు, దౌర్జన్యం వద్దంటున్నాడు. మీరు గుర్తుపెట్టుకోవాలని మీకు బోధిస్తున్నాడు." చేయాల్సినవి మూడు, మానాల్సినవి మూడు. మంచినీ చెడునూ ఇంతగా ఒక్కచోట చెప్పిన ఆయత్ ఖుర్ఆన్‌లో మరొకటి లేదని ప్రవక్త ముహమ్మద్ (స) సహచరుడు హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) అనేవారట. ఏడాదికి 52 సార్లు వింటాం. విన్న అయిదు నిమిషాలకు నమాజ్ ముగించుకుని బజారులోకి వెళ్ళిపోతాం.

ఇది ఖుత్బాలోకి ఎలా వచ్చిందన్నది తెలుసుకోవాల్సిన కథ. ఖుత్బాలో ఖుర్ఆన్ చదవడం ప్రవక్త (స) కాలం నుంచీ ఉన్నదే. ఖుత్బా చివర ప్రత్యేకించి ఈ ఆయత్ చదివే పద్ధతి మాత్రం ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పెట్టారని చరిత్రకారులు రాశారు. ఆయన పాలించింది రెండున్నరేళ్ళే, క్రీ.శ. 717 నుంచి 720 దాకా. ఆయన పుట్టింది ఉమయ్యా వంశంలో. అంతకుముందు ఆ వంశం పాలనలో మింబర్ (మసీదులో ప్రసంగ వేదిక) మీద నిలబడి హజ్రత్ అలీ (రజి)ని దూషించే దురాచారం ఉండేది. అదంతా రాజకీయ కక్ష. అలీ (రజి) షహీద్ (అమరుడు) అయ్యింది 661లో. యాభై ఏళ్ళు దాటినా ఆ తిట్టు ఆగలేదు. అల్లాహ్ ఇంట్లో, జుమా ఖుత్బాలో, ప్రవక్త అల్లుణ్ణి! ఉమర్ దాన్ని తీసేయించి, ఆ చోట ఈ ఆయత్ చదవమన్నారు.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆయన చేయకుండా వదిలేసిన పని. తిట్టించినవాళ్ళను తిరిగి తిట్టించలేదు. అలా చేసుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు బోలెడుమంది ఉండేవాళ్ళు, మింబర్ మాత్రం అలాగే మురికిగా ఉండేది. పాత లెక్కలు తేల్చుకునే చోట అల్లాహ్ ఆజ్ఞను నిలబెట్టారు. ఆ ఆజ్ఞలో మొదటి మాట న్యాయం.

ఆ న్యాయం ఎలా ఉంటుందో ఆయన కాలంలోనే మధ్య ఆసియాలోని సమర్‌ఖంద్‌లో కనిపించింది. ఆ నగరాన్ని సేనాపతి ఖుతైబా బిన్ ముస్లిం 712లో గెలిచాడు. ఉమర్ ఖలీఫా అయ్యాక ఆ ఊరివాళ్ళు ఫిర్యాదు తెచ్చారు: ఖుతైబా మాట తప్పి, మమ్మల్ని మోసం చేసి ఊళ్ళోకి వచ్చాడు, మా ఇళ్ళూ నేలలూ తీసుకున్నాడు అని. అప్పటికి ఖుతైబా బతికి లేడు. సైన్యం, దాని కుటుంబాలు ఊళ్ళో స్థిరపడిపోయాయి. ఏ ప్రభుత్వమైనా ఏమంటుంది? పాత సంగతులు ఇప్పుడెందుకు అంటుంది, లేదంటే ఓ కమిటీ వేస్తుంది. ఉమర్ అక్కడి అధికారికి ఉత్తరం రాశారు: వీళ్ళ ఫిర్యాదు వినడానికి ఒక ఖాజీని (న్యాయమూర్తిని) కూర్చోబెట్టు, తీర్పు వాళ్ళకు అనుకూలంగా వస్తే మనవాళ్ళను ఊరి బయటి శిబిరానికి పంపించు అని.

ఖాజీ జుమయ్ బిన్ హాజిర్ విచారించి తీర్పు చెప్పాడు. ముస్లిం సైన్యం నగరం వదిలి శిబిరానికి వెళ్ళాలి. ఆ తర్వాత రెండు పక్షాలూ సమానంగా నిలబడి తేల్చుకోవాలి, కొత్త ఒప్పందమైనా సరే, యుద్ధమైనా సరే. ఆ తీర్పు విన్నాక ఊరివాళ్ళే వద్దన్నారు. ఇన్నేళ్ళు కలిసి బతికాం, మళ్ళీ యుద్ధం ఎందుకు, ఉన్నదే ఉండనివ్వండి అన్నారు.

బయానుల్లో (మతోపన్యాసాల్లో) ఈ కథ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కాకపోతే చెప్పేటప్పుడు ఒకటి మరిచిపోతాం. ఆ రోజు కేసు ఓడిపోయింది మనవాళ్ళు. ఖాజీ మనవాడు, సైన్యం మనది, అధికారం మనది, తీర్పు మాత్రం మన మీద. శాంతి ఆ తర్వాతే వచ్చింది, అదీ ఫిర్యాదు చేసినవాళ్ళు మనస్ఫూర్తిగా ఇచ్చింది. మొదటే వాళ్ళ నోరు నొక్కి ఉంటే ఊరు ప్రశాంతంగానే కనిపించేది. దాన్ని శాంతి అంటామా?

మన పేటల్లో, వాడల్లో జరిగే పంచాయితీలు చూడండి. పెద్దమనుషులు కూర్చుంటారు, టీలు వస్తాయి, రెండు మాటలయ్యాక ఎవరో ఒకరు, "పోనీలే బాబూ, నువ్వే సర్దుకో, గొడవెందుకు" అంటారు. సర్దుకోమని ఎవరికి చెబుతారో గమనించండి. కూలి డబ్బులు రావాల్సినవాడికి. అడ్వాన్స్ తిరిగి రాని అద్దెకున్నవాడికి. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కోడలికి. బాకీ ఉన్నవాడి దగ్గర ఆ మాట అనాలంటే అందరికీ మొహమాటం. రాజీ కుదిరిందని అందరూ సంతోషంగా లేస్తారు, ఒక్కరు తప్ప. రాజీ చేయడం గొప్ప పుణ్యం, సందేహం లేదు. కానీ హుజురాత్ సూరా 9వ ఆయత్ రాజీ గురించి చెబుతూ ఒక షరతు పెట్టింది. రెండు వర్గాల మధ్య సంధి చేయండి, ఒక వర్గం దౌర్జన్యం చేస్తుంటే ముందు దాన్ని దారికి తెచ్చి, ఆ తర్వాత "న్యాయంతో సంధి చేయండి" అంది. దౌర్జన్యం చేసినవాణ్ణి కదపకుండా చేసే రాజీకి ఈ ఆయత్‌లో చోటు లేదు.

న్యాయం నిలబడాలంటే ఎవరో ఒకరు నిజం చెప్పాలి. ఇక్కడే మన కాళ్ళు వణుకుతాయి. నిసా సూరా 135వ ఆయత్ ఇది: "విశ్వసించినవారలారా, న్యాయం మీద గట్టిగా నిలబడండి. అల్లాహ్ కోసం సాక్ష్యం చెప్పండి, అది మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకూ దగ్గరివాళ్ళకూ వ్యతిరేకమైనా సరే. ఉన్నవాడైనా లేనివాడైనా వాళ్ళ బాగు చూసేది అల్లాహ్." ఉన్నవాడి డబ్బు చూసి మాట మార్చకూడదన్నది ఏ మతమైనా చెబుతుంది. లేనివాడు కదా అని జాలిపడి కూడా సాక్ష్యం మార్చకూడదంటోంది ఈ ఆయత్. అదే ఆయత్ చివర, మాట మెలితిప్పినా, తప్పించుకున్నా అల్లాహ్‌కు తెలుసని ఉంది. అబద్ధం చెప్పకపోయినా తప్పించుకోవడం తప్పే.

మదీనా బజారులో ఒక సంఘటన. సహీహ్ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతలు) గ్రంథంలో ఉంది. ధాన్యం కుప్ప పోసుకుని ఒకతను అమ్ముతున్నాడు. ప్రవక్త (స) అటుగా వెళుతూ కుప్పలోకి చెయ్యి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. "ఇదేమిటి?" అని అడిగితే, "వానకు తడిసింది, అల్లాహ్ ప్రవక్తా" అన్నాడతను. "మరి తడిసింది జనానికి కనపడేలా పైన పెట్టలేకపోయావా? మోసం చేసేవాడు నావాడు కాదు" అన్నారు. ఆ వర్తకుడు నోటితో ఒక్క అబద్ధం చెప్పలేదు. అడిగితే ఉన్నమాటే చెప్పాడు. ఎండినవి పైకి వచ్చేలా కుప్ప పోశాడు, అంతే.

ఈ హదీసు వరి పండే మన ప్రాంతంలో వేరే ఎవరికీ అర్థం కానంత బాగా అర్థం కావాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. రైతు రోడ్డు పక్కన పట్టాలు పరిచి, మబ్బు పట్టినప్పుడల్లా టెన్షన్ పడుతూ, వడ్లు తిరగేసి మరీ ఆరబెడతాడు. తీరా తూకం దగ్గర తాలు ఉందనో, తేమ ఉందనో తరుగు తీస్తారు. ఒక్కోచోట ఆ తరుగుకు లెక్కా పత్రం ఉండదు. బస్తా మీద బస్తా అలా పోతుంటే కల్లం దగ్గర నిలబడ్డవాడికి నోట మాట రాదు, ఎందుకంటే ఈరోజు వాళ్ళు కొనకపోతే రాత్రికి వాన. ముతఫ్ఫిఫీన్ సూరా మొదలయ్యేదే ఈ మనుషుల గురించి: జనం దగ్గర కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, వాళ్ళకు కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ళకు వినాశం తప్పదని. తూకం తగ్గింపు మీద ఖుర్ఆన్‌లో ఏకంగా ఒక సూరా మొదలైంది. మనం మాత్రం ఇస్లాం అంటే గడ్డం పొడవు, లాగు మడత అని చర్చలు పెట్టుకుంటాం. అవి వద్దని అనను. కాటా సంగతి ముందు చూడమంటాను.

ఫోన్ సంగతీ ఇదే. "విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలు" అన్నది ప్రవక్త (స) మాట. ఫార్వార్డ్ బటన్ మీద రాసిపెట్టుకోవాల్సిన హదీసు. నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించుకోండి, తెలియక ఎవరికైనా హాని చేసి తర్వాత బాధపడతారని హుజురాత్ 6వ ఆయత్ చెప్పింది. మన మీద అబద్ధపు వీడియోలు తిరుగుతున్నాయని బాధపడతాం, నిజమే, తిరుగుతున్నాయి. ఆ కోపంలో అవతలివాళ్ళ మీద వచ్చినదాన్ని తేదీ చూడకుండా, ఊరు చూడకుండా పది గ్రూపులకు తోసేస్తాం. మాయిదా సూరా 8వ ఆయత్ ఈ కోపానికే పగ్గం వేసింది: "ఒక జాతి మీద మీకున్న ద్వేషం మీరు న్యాయం తప్పేలా చేయకూడదు. న్యాయం చేయండి, తఖ్వాకు (దైవభీతికి) అదే దగ్గర." ద్వేషం ఉండకూడదని కాదు ఇక్కడ ఉన్నది, ఉన్నా న్యాయం తప్పొద్దని. మనసులో కోపం చల్లారేదాకా ఆగితే న్యాయం ఎప్పటికీ మొదలవదు కాబట్టి కాబోలు.

ఖుత్బా ఆయత్‌లో మూడోది మిగిలింది, బంధువులకు ఇవ్వడం. దీన్ని మనం రంజాన్‌లో పేద బంధువుకు బట్టలు పెట్టడంగా సరిపెట్టుకుంటాం. బంధువుల్లో ముందు అక్కచెల్లెళ్ళు వస్తారు. వాళ్ళకిచ్చేది దానం కాదు, హక్కు.

అబ్బా చనిపోయాడు. అమ్మీ ఉంది, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. వదిలి వెళ్ళింది 32 సెంట్ల ఇంటి స్థలం. అప్పులూ వసియ్యతూ (వీలునామా) ఏమీ లేవనుకుందాం. ఖుర్ఆన్ లెక్క ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 4 సెంట్లు. మిగిలిన 28లో కొడుక్కి 14, కూతుళ్ళకు చెరో 7. కూతురికి కొడుకులో సగమే ఎందుకని ఎవరైనా అడిగితే మనవాళ్ళు గంటసేపు జవాబు చెబుతారు, భార్యాబిడ్డల ఖర్చు మగవాడి మీదే ఉందని, మెహర్ (పెళ్ళిలో భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము) ఇచ్చేది మగవాడే అని. బాగానే ఉంది. ఆ సగమైనా చేతికిచ్చిన ఇళ్ళు మీకెన్ని తెలుసు?

జరిగేది ఇది. నలభయ్యో రోజు ఫాతిహా (చనిపోయినవారి కోసం చేసే ప్రార్థన) అయ్యాక అన్న చెల్లెళ్ళను పిలుస్తాడు. "రిజిస్టర్ ఆఫీసుకు ఒకసారి రావాలి చెల్లీ, సంతకాలు ఉన్నాయి" అంటాడు. హక్కు విడుదల పత్రం ముందే టైపు చేయించి ఉంటుంది. ఆటోలో తీసుకెళతాడు, తిరిగి వచ్చేటప్పుడు బిర్యానీ తినిపిస్తాడు. చెల్లెలు ఏమీ అడగదు. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయం. రేపు భర్తతో ఏదైనా అయితే వచ్చి తలదాచుకోవడానికి ఆ ఇల్లే దిక్కు. కూతురి పెళ్ళికి మేనమామగా నిలబడాల్సింది ఆ అన్నే. ఇన్ని భయాల మధ్య పెట్టిన సంతకాన్ని మనం "చెల్లెలు మాఫ్ చేసేసింది" అంటాం. మెహర్ సంగతీ అంతే. నికాహ్‌నామాలో రాసింది రాసినట్టే ఉండిపోతుంది, జనాజా (శవయాత్ర) లేచే వేళ ఏడుస్తున్న భార్య దగ్గరికి పెద్ద ఆడవాళ్ళు వచ్చి, మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు తేలికవుతుంది అంటారు. అంతమంది మధ్య, ఆ క్షణంలో, ఎవరైనా లేదని అంటారా?

నిసా సూరాలో వాటాలు చెప్పిన వెంటనే వచ్చే 13, 14 ఆయత్‌లు చదివితే గుండె దడ పుడుతుంది. ఇవి అల్లాహ్ గీసిన హద్దులు, దాటినవాడికి నరకం అని ఉంది. నమాజ్ చదివే అన్నలకే ఈ మాట, ఎందుకంటే ఖుర్ఆన్ తెరిచేది వాళ్ళే. ఆస్తి కొద్దిదైనా ఎక్కువదైనా ఆడవాళ్ళకు వాటా ఉందని 7వ ఆయత్ తేల్చేసింది కాబట్టి, "ఉన్నదే ఇంత, ఏం పంచుతాం" అన్న సాకు కూడా చెల్లదు.

"ఆమే ఇష్టపడి వదులుకుంటానంటే?" అని అడిగేవాళ్ళకు ముఫ్తీలు (మతధర్మం చెప్పే పండితులు) చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు ఆమె వాటా విడదీసి, ఆమె పేరు మీద రాయించి, స్వాధీనం ఇవ్వాలి. 7 సెంట్లంటే హద్దురాళ్ళు పాతి, పట్టా చేతికిచ్చి, ఇది నీది అనాలి. ఆ తర్వాత ఆమె అందులో ఇల్లు కట్టుకున్నా, అమ్ముకున్నా, అన్నకే బహుమతిగా రాసిచ్చినా ఆమె ఇష్టం. ఈసారి ఆటో ఖర్చు మాత్రం ఆమెనే పెట్టుకోనివ్వండి, బిర్యానీ పెట్టకండి, వద్దనుకుంటే రాకుండా ఉండే వీలు ఆమెకు ఇవ్వండి.