గుర్రప్పందేల వార్తలకు పాఠకుల చందా: అడిగే ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

హైదరాబాద్ మలక్‌పేటలో 1886లోనే రేసులు మొదలయ్యాయి. అయినా తెలుగులో వాటి గురించి దొరికేది ఎక్కువగా టిప్సే. ఏ గుర్రం గెలుస్తుందో చెప్పేవాళ్ళకు కొదవ లేదు, పరుగు మానేసిన గుర్రం ఏమైందో రాసేవాళ్ళు అరుదు. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు 57 గుర్రాలను తరలించారు. వాటిలో కొన్ని చనిపోయి, వ్యవహారం అక్కడి హైకోర్టుకు చేరాక గానీ చాలామంది రేసు అభిమానులకు ఆ తరలింపు సంగతే తెలియలేదు. ఇలాంటివి ముందే పట్టుకునే రిపోర్టర్ కావాలంటే అతని జీతం క్లబ్బు నుంచో, గుర్రాలను పెంచి అమ్మే స్టడ్ ఫారం నుంచో, బెట్టింగ్ యాప్ నుంచో రాకూడదు. ఇక మిగిలింది పాఠకులే.

చందా అడిగేవాళ్ళు ముందు టిప్స్‌ను పక్కన పెట్టాలి. టిప్స్ కోసం డబ్బు కట్టినవాడు మూడు వారాలు ఓడితే మానేస్తాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. లాయంలో గుర్రం కుంటుతోందన్న కబురు చందాదారులకు ముందు, మిగతావాళ్ళకు తర్వాత చేరితే అది వార్త కాదు, పందెం సరుకు. అందుకని చందా కట్టినవాళ్ళకు ఏ కబురూ ముందుగా ఇవ్వకూడదు. బదులుగా చదవడం నేర్పండి. ట్రాక్ వర్క్‌లో, అంటే పొద్దుటి సాధన పరుగుల నివేదికలో, ‘800/55, 600/41’ అని ఉంటే గుర్రం 800 మీటర్లు 55 సెకన్లలో, అందులో చివరి 600 మీటర్లు 41 సెకన్లలో పరుగెత్తిందని. అంటే మొదటి 200కు 14 సెకన్లు పట్టింది, ఆ తర్వాతి 600లో సగటున వేగం తగ్గలేదు. కానీ పరుగు ఇసుక మీదా, పచ్చిక మీదా, పైన ఉన్నది జాకీనా, లాయంలో రోజూ ఎక్కే కుర్రాడా అన్నది తెలియకుండా ఆ అంకె దేనికీ పనికిరాదు. ఇది వివరించే గంట వీడియోకు రేసులు తెలిసినవాళ్ళు సంతోషంగా డబ్బిస్తారు.

‘స్వతంత్ర జర్నలిజాన్ని ఆదుకోండి’ అంటే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. ఒక ప్రశ్న పెట్టి అడగాలి. ఉదాహరణకు: నిరుడు హైదరాబాద్‌లో పరుగెత్తి, ఈ ఏడు కనిపించని గుర్రాలు ఎక్కడున్నాయి? పని ఎలా చేస్తారో కూడా అక్కడే రాయండి. రెండు సీజన్ల రేసు కార్డులు, అంటే ఏ రోజు ఏ గుర్రాలు పరుగెత్తాయో చెప్పే జాబితాలు, తీసి పేర్లు సరిపోల్చాలి. తప్పిపోయిన పేర్లను బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, కోల్‌కతా కార్డుల్లో వెతకాలి, ఎందుకంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఆడ గుర్రాలు ఈనడానికి వెళ్ళి ఉంటే రేసు గుర్రాల పుట్టుకలు నమోదు చేసే పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ రికార్డుల్లో తేలవచ్చు. మిగిలిన పేర్ల మీద యజమానినీ ట్రైనర్‌నూ రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు క్లబ్బుకు పెడితే ‘మాకు వర్తించదు’ అన్న జవాబు రావచ్చు. పశుసంవర్ధక శాఖకు పెడితే ఆ చిక్కు లేదు: రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. అప్పీలుకు వెళ్ళాల్సి వస్తే మరో నెలో నెలన్నరో పోతుంది, కాబట్టి నాలుగు నెలల లోపు తేలుతుందని మాట ఇవ్వకండి.

ఖర్చు ఇలా వేసుకోవచ్చు. రిపోర్టర్‌కు నెలకు 40,000 చొప్పున నాలుగు నెలలకు 1,60,000. ప్రయాణాలకు, కాపీలకు 30,000. అచ్చుకు ముందు లాయరు చదివినందుకు 40,000, పశువైద్యుడి సమయానికి 20,000, సైటుకు 15,000. మొత్తం 2,65,000. కమీషన్లకు, వాపసులకు పది శాతం కలిపితే 2,91,500. మూడు లక్షలు అడగండి. తలా 500 అనుకుంటే 600 మంది కావాలి. మీ మెయిల్ జాబితాలో ఇప్పటికి మూడు వందల మందే ఉంటే ఇంకా అడిగే వేళ కాలేదు. డబ్బు తక్కువైనప్పుడు అందరూ ముందు కొట్టేసేది లాయరు పద్దునే. పరువునష్టం నోటీసు వచ్చేది కూడా అప్పుడే.

సేవింగ్స్ ఖాతా క్యూఆర్ కోడ్ పెట్టకండి. కరెంట్ ఖాతా తెరిచి పేమెంట్ గేట్‌వే ద్వారా తీసుకుంటే ప్రతి రూపాయికీ రసీదు ఉంటుంది. కార్డు మీద రెండు శాతం కమీషన్, దాని మీద 18 శాతం జీఎస్టీ అయితే 500లో 11.80 పోతుంది. నెలవారీ చందాకు యూపీఐ ఆటోపే సుఖం. డబ్బు తీసే తేదీని ఐదో తారీఖు దగ్గర పెట్టండి, నెలాఖరులో ఖాతాలు ఖాళీగా ఉండి సగం చెల్లింపులు వెనక్కి వస్తాయి. వచ్చింది ఆదాయమే, పన్ను కట్టాలి. ఇచ్చినవాళ్ళకు 80జీ (విరాళాల మీద ఆదాయపు పన్ను) మినహాయింపు ఉందని పొరపాటున కూడా రాయకండి.

అమెరికాలోని మనవాళ్ళు పంపుతామంటే జాగ్రత్త. వార్తలు చేసేవాళ్ళకు విదేశీ విరాళాల చట్టం చాలా కఠినంగా ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళు) మాత్రం విదేశీయుల కిందే లెక్క. పేమెంట్ పేజీలో పౌరసత్వం అడిగే గడి పెట్టి, విదేశీ కార్డులను ఆపేయడమే క్షేమం.

గుర్రాల యజమానులు, ట్రైనర్లు, బుకీలు కూడా చందా ఇస్తామని వస్తారు. మొత్తంలో ఒక్కరి వాటా రెండు శాతం దాటకూడదని, రేసులతో వ్యాపార సంబంధం ఉన్నవాళ్ళ పేరు, ఇచ్చిన సొమ్ము బయట పెడతామని ముందే ప్రకటించండి. ఇష్టం లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు. పేరు లేకుండా వచ్చిన పెద్ద మొత్తాన్ని తిప్పి పంపండి. ఆన్‌లైన్ మనీ గేమ్‌ల ప్రకటనలు వేసుకోవడం 2025 చట్టం ప్రకారం నేరమే, కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు.

గడువుకు మూడు లక్షలు రాక లక్షన్నర దగ్గర ఆగితే ఏం చేస్తారో మొదటి రోజే రాసి ఉంచాలి: రేసు కార్డులు సరిపోల్చి జాబితా మాత్రం వెలువరిస్తారా, లేక పదిహేను రోజుల్లో వాపసు చేస్తారా? వాపసు అయితే కమీషన్ మీరే భరించాలి. అందుకే ఆ పది శాతాన్ని ఆఖరి రోజు దాకా ముట్టుకోకండి.