సీఎస్ఐఆర్ నెట్: ప్రొటీన్ ఫ్యామిలీలు, డొమైన్‌ల డేటాబేస్‌లను నేను చదివిన పద్ధతి

సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు బయోఇన్ఫర్మేటిక్స్ దగ్గరికి వచ్చేసరికి, ప్రొటీన్‌లను గుర్తుపట్టి వర్గీకరించే డేటాబేస్‌ల పట్టిక ఒకటి రాసి గోడకి అంటిస్తారు. ప్రోసైట్ అంటే ప్యాటర్న్‌లు, ప్రింట్స్ అంటే ఫింగర్‌ప్రింట్‌లు, పీఫామ్ అంటే హెచ్ఎంఎంలు (హిడెన్ మార్కోవ్ మోడల్స్). మద్దిలపాలెంలో మా రూమ్ గోడ మీదా అది ఉండేది. పార్ట్ బీలో ఆ పట్టికతో ఒక ప్రశ్న గట్టెక్కొచ్చు. పార్ట్ సీలో మాత్రం కష్టం. 75 ప్రశ్నల్లో 25 రాయాలి, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు పోతుంది. అక్కడ పేరు గుర్తుండటం కాదు, ఆ డేటాబేస్ ఏం చూసి 'ఇది ఫలానా ప్రొటీన్' అంటుందో తెలియాలి.

ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న మా సీనియర్ అక్క ఒకటే చెప్పింది: "పేర్లు తర్వాత చూద్దువుగానీ, ముందు ఒక్క ప్రొటీన్ పట్టుకో. ఈ డేటాబేస్‌లన్నిటినీ ఒకచోట చూపించే ఇంటర్‌ప్రోలో దాని పేజీ తెరువు, ప్రొటీన్‌లో గుర్తించిన భాగాలను చూపే ప్రతి గీత ఎందుకుందో చెప్పగలిగేదాకా వదలకు." నా ప్రిపరేషన్‌లో ఈ చాప్టర్‌కి సంబంధించి ఇంతకంటే పనికొచ్చిన సలహా లేదు.

నేను పట్టుకున్నది రాస్, కణం పెరుగుదలకి సిగ్నల్ పంపే ప్రొటీన్. ప్రోసైట్‌లో పీ-లూప్ ప్యాటర్న్ ఇలా ఉంటుంది: (ఒక్కో అక్షరం ఒక్కో అమినో ఆమ్లం) మొదట ఎ గానీ జి గానీ, తర్వాత ఏవైనా నాలుగు, ఆపైన తప్పనిసరిగా జి, కె, చివర ఎస్ గానీ టి గానీ. ఏటీపీ, జీటీపీల ఫాస్ఫేట్‌లను పట్టుకునే చోటు ఇది. రాస్‌లో 10 నుంచి 17 వరకు అమినో ఆమ్లాలు వరసగా జి, ఎ, జి, జి, వి, జి, కె, ఎస్. కాగితం మీద రాసి వేలు పెట్టి చూసుకోండి, అచ్చంగా సరిపోతుంది. ఇప్పుడు 12వ గ్లైసిన్‌ని వేలీన్‌గా మార్చండి. రాస్ జీటీపీని విడగొట్టలేక ఆన్‌లోనే ఉండిపోతుంది, క్యాన్సర్‌కి దారి తీస్తుంది. కానీ ఆ 12వ స్థానం 'ఏవైనా నాలుగు'లో పడుతుంది కాబట్టి ప్యాటర్న్ ఎప్పటిలాగే మ్యాచ్ అవుతుంది. మ్యాచ్ అయినంత మాత్రాన ప్రొటీన్ సరిగ్గా పనిచేస్తున్నట్టు కాదు. దీనికి తిరగేసిన సమస్యా ఉంది. ఎన్-గ్లైకోసైలేషన్ (ప్రొటీన్‌కి చక్కెర గొలుసు అతకడం) ప్యాటర్న్ నాలుగే అక్షరాలు కావడంతో, ఆ పని జరిగే ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్)లోకి అడుగే పెట్టని ప్రొటీన్‌లలోనూ కనిపిస్తుంది.

ఇంతవరకు వచ్చాక మిగతా డేటాబేస్‌లు ఎందుకు పుట్టాయో వాటంతటవే అర్థమవుతాయి. అమోస్ బైరోక్ 1988లో ప్రోసైట్ మొదలుపెట్టారు. ఒక్క చిన్న ప్యాటర్న్‌ని నమ్మలేమని ప్రింట్స్ కొన్ని మోటిఫ్‌లను (చిన్న చిన్న అమినో ఆమ్లాల వరసలను) కలిపి చూస్తుంది. పీఫామ్ డొమైన్ (ప్రొటీన్‌లో సొంతంగా ముడుచుకునే భాగం) పొడవునా ఏ స్థానంలో ఏ అమినో ఆమ్లం ఎంత సంభావ్యతతో వస్తుందో హెచ్ఎంఎంగా రాసి పెట్టుకుంటుంది. సూపర్‌ఫ్యామిలీ, జీన్3డీ అనే డేటాబేస్‌లు స్కాప్, క్యాత్‌లలోని ప్రొటీన్ 3డీ నిర్మాణాల వర్గీకరణ మీద ఆధారపడతాయి. ఇవన్నీ ఒకే డొమైన్‌కి తలో పేరు పెడుతుంటే, కేంబ్రిడ్జ్ దగ్గరి హింక్స్‌టన్‌లో ఉన్న ఈబీఐ (యూరోపియన్ బయోఇన్ఫర్మేటిక్స్ ఇన్‌స్టిట్యూట్) 1999లో ఇంటర్‌ప్రోని తెచ్చింది. సభ్య డేటాబేస్‌ల సిగ్నేచర్‌లలో (ప్యాటర్న్‌లు, ఫింగర్‌ప్రింట్‌లు, హెచ్ఎంఎంల వంటివి) ఒకే విషయాన్ని చెప్పేవాటిని ఒక ఐపీఆర్ నంబర్ కింద చేరుస్తుంది. పాత నోట్స్ చదివేవాళ్లకి ఒక మాట: 2023 నుంచి పీఫామ్‌కి విడిగా వెబ్‌సైట్ లేదు, ఇంటర్‌ప్రోలోనే చూడాలి.

ఫ్యామిలీకి (ఒకే మూలం నుంచి వచ్చిన ప్రొటీన్‌ల గుంపు), డొమైన్‌కి తేడా దగ్గర చాలామంది తడబడతారు. దానికి మనిషి సార్క్ ప్రొటీన్ చూడండి. 536 అమినో ఆమ్లాల ఆ ప్రొటీన్‌లో మొదట ఎస్‌హెచ్3, తర్వాత ఎస్‌హెచ్2, ఆ తర్వాత ఫాస్ఫేట్‌లను అతికించే కైనేజ్ డొమైన్. ఎస్‌హెచ్2 ఫాస్ఫోటైరోసిన్‌ని (ఫాస్ఫేట్ చేరిన టైరోసిన్‌ని) పట్టుకుంటుంది. అదే ఎస్‌హెచ్2 ఫాస్ఫోలైపేజ్ సీ గామాలోనూ ఉంది, గ్రబ్2లోనూ ఉంది, కానీ ఆ మూడూ ఒక ఫ్యామిలీ కావు. సార్క్ తోక చివరి టైరోసిన్‌కి ఫాస్ఫేట్ చేరితే సొంత ఎస్‌హెచ్2యే దాన్ని పట్టుకుని కైనేజ్‌ని ఆపేస్తుంది. వైరస్‌లోని వీ-సార్క్‌లో ఆ తోక లేదు, అందుకే అది ఆంకోజీన్ (క్యాన్సర్ తెచ్చే జన్యువు). సెల్ సిగ్నలింగ్, క్యాన్సర్ యూనిట్‌లు ఈ ఒక్క పేజీలోనే కలిసిపోతాయి.

సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తూ నేనూ మా రూమ్మేటూ ఒకరు ప్రొటీన్ పేరు చెబితే ఇంకొకరు డొమైన్‌లు వరసగా చెప్పేవాళ్లం. చెప్పలేనిది రూమ్‌కి వెళ్లగానే ఇంటర్‌ప్రోలో వెతికేవాళ్లం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్యాక్టీరియాలో లాక్టోజ్ జన్యువులను ఆపి ఉంచే లాక్ రెప్రెసర్‌తో మొదలుపెట్టండి. ముందు భాగంలో డీఎన్ఏని పట్టుకునే హెలిక్స్-టర్న్-హెలిక్స్ కనబడుతుంది. ఇండ్యూసర్ (రెప్రెసర్‌ని డీఎన్ఏ నుంచి వదిలించే అణువు) అతుక్కునే భాగం మాత్రం బ్యాక్టీరియా పెరిప్లాజంలో (రెండు పొరల మధ్య చోటులో) చక్కెరలను పట్టుకునే ప్రొటీన్‌ల పోలికతో ఉంటుంది. ఎందుకలా ఉందో మీ నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసి, ఆ తర్వాతే రెండో ప్రొటీన్ తెరవండి.