క్యాలరీ యాప్‌లో మనింటి పప్పూ అన్నం సరిగ్గా ఎక్కాలంటే

తిన్నదానికి క్యాలరీలు లెక్కపెట్టే యాప్ తెరిచి టమాటా పప్పు అని కొడితే వరసగా డజను పప్పులు కనిపిస్తాయి. ఒకదాన్లో ఉన్న క్యాలరీలకి ఇంకోదాన్లో రెట్టింపు ఉంటాయి. ఏదీ అబద్ధం కాకపోవచ్చు. మై ఫిట్‌నెస్ పాల్ లాంటి యాప్‌ల జాబితాలో చాలా భాగం వాడేవాళ్లు ఎక్కించిందే. ఎవరి ఇంటి పప్పు వాళ్లు రాసుకున్నారు. మీరు ఎన్ని నీళ్లు పోస్తారో, పోపులో నూనె ఎంత వేస్తారో వాళ్లకి తెలిసే వీలే లేదు. అందుకే రెడీమేడ్ ఎంట్రీల్లో దగ్గరగా ఉన్నదేదో ఏరుకోవడం కన్నా, రోజూ వండేవాటిని మన కొలతలతో ఒకసారి తయారు చేసి పెట్టుకోవడం మేలు. పదిహేను ఇరవై వంటలు ఎక్కిస్తే నెలలో తినేదంతా దాదాపు అందులోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత రోజూ పట్టే టైము కూడా తగ్గుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ఇలాంటి యాప్‌లలో మనం సొంతంగా చేసుకోగలిగేవి మూడు రకాలు. ఫుడ్ అంటే ఒకే వస్తువు, ప్యాకెట్ మీది లెక్క చూసి ఎక్కించేది. రెసిపీ అంటే కలిపి వండిన వంట, డైరీలో, అంటే యాప్‌లో రోజూ తిన్నది రాసుకునే చోట, ఒకే లైనుగా పడుతుంది. మీల్ అంటే ఎప్పుడూ కలిసి తినే కొన్నింటి కట్ట. డైరీలో వేసినప్పుడు అవి విడివిడిగా పడతాయి, ఒక్కోదాన్నీ మార్చుకోవచ్చు. పప్పు రెసిపీగా ఉండాలి. ఇడ్లీ, చట్నీ, కారప్పొడి, నెయ్యి మాత్రం మీల్‌గా ఉండాలి, ఎందుకంటే ఇవాళ మూడు ఇడ్లీలు తింటే రేపు నాలుగు తింటాం. ఆ టిఫిన్‌ని రెసిపీగా ఎక్కించి, ఒక ఇడ్లీ పెరిగినప్పుడు ఎలా మార్చాలో తెలియక వదిలేసేవాళ్లు చాలామంది.

ఇక అసలు పని, రెసిపీకి సర్వింగ్, అంటే ఒక వంతు, ఎలా పెట్టాలన్నది. యాప్ "ఎన్ని సర్వింగ్‌లు?" అని అడగ్గానే అందరూ 4 అని కొట్టేస్తారు. నాలుగో వంతు ఎంతో గిన్నెలో చూసి ఎవరూ చెప్పలేరు. అక్కడ వండిన తర్వాతి బరువు వేయాలి. టమాటా పప్పుతో చూద్దాం. కందిపప్పు 150 గ్రాములు అంటే సుమారు 497 క్యాలరీలు. టమాటా 250 గ్రాములు 50, ఉల్లిపాయ 80 గ్రాములు 35, పోపు నూనె 14 గ్రాములు 126. చింతపండు, పోపు దినుసులు కలిపి 35 అనుకుందాం. మొత్తం 743. ఖాళీ గిన్నె బరువు 690 గ్రాములు, పప్పుతో కలిపి 1640. అంటే పప్పు 950 గ్రాములు. సర్వింగ్‌ల సంఖ్య దగ్గర 950 అని వేస్తే ఒక సర్వింగ్ అంటే ఒక గ్రాము. కంచంలో 180 గ్రాములు వేసుకుంటే 180 అని కొట్టడమే, సుమారు 140 క్యాలరీలు అని వచ్చేస్తుంది. ఇంట్లో మిగతావాళ్లు ఎంత తిన్నారన్న గొడవే ఉండదు.

ఇందులో ఒక చిక్కుంది. గ్రాముకి 0.78 క్యాలరీని కొన్ని యాప్‌లు 1 అని చూపిస్తాయి. చూపించడం వరకే అయితే నష్టం లేదు. 180 కొట్టినప్పుడు 140 వస్తే సరే. 180 వచ్చిందంటే ఆ యాప్ ముందే సంఖ్యను సవరించి, దాన్నే గుణిస్తోందన్నమాట. ప్రొటీన్ విషయంలో ఇంకా ఘోరం, గ్రాముకి 0.04 కాస్తా సున్నా అయిపోతుంది. అలాంటప్పుడు 100 గ్రాములని ఒక సర్వింగ్‌గా తీసుకుని మొత్తం 9.5 అని పెట్టి, 180 గ్రాములు తిన్నప్పుడు 1.8 అని వేయండి. ఇదే రెసిపీలో ఇంకోటి కూడా బయటపడుతుంది. 180 గ్రాముల పప్పులో ప్రొటీన్ 7 గ్రాముల లోపే. పప్పు తింటున్నాం కాబట్టి ప్రొటీన్‌కి ఢోకా లేదనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి.

ముడి సరుకుల లెక్క ఎక్కడ దొరుకుతుందంటే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికలు ఉన్నాయి. 528 ఆహార పదార్థాల వివరాలు అందులో ఉన్నాయి. శక్తిని కిలోజౌల్స్‌లో ఇచ్చారు, 4.184తో భాగిస్తే మనకి కావలసిన క్యాలరీలు వస్తాయి. 100 గ్రాముల తెల్లబియ్యానికి 1491 అంటే 356 క్యాలరీలు. కందిపప్పుకి 331, మినప్పప్పుకి 324. కిలోజౌల్స్ అంకెనే క్యాలరీల గడిలో కొట్టేస్తే పప్పు నాలుగింతలు అవుతుంది, జాగ్రత్త. యాప్‌లో ఉన్న ఏ ఎంట్రీనైనా నమ్మే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రొటీన్ గ్రాములని 4తో, పిండిపదార్థాన్ని 4తో, కొవ్వుని 9తో గుణించి కలపండి. వచ్చింది ఆ ఎంట్రీలో రాసిన క్యాలరీలకి దగ్గరగా ఉండాలి. పీచు వల్ల కాస్త అటూ ఇటూ అవుతుంది కానీ సగానికి సగం తేడా ఉంటే ఆ ఎంట్రీ జోలికి పోవద్దు.

అన్నం దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అన్నం తూచి, బియ్యం ఎంట్రీ ఎంచుకుంటారు. 250 గ్రాముల అన్నం ఆ లెక్కన 890 క్యాలరీలు అవుతుంది. నిజానికి అది 300 చుట్టుపక్కల ఉంటుంది. పొడిపొడిగా వండితే 200 గ్రాముల బియ్యానికి 560 గ్రాముల అన్నం వచ్చిందనుకోండి, గ్రాముకి 1.27 పడుతుంది, కంచంలోని 250 గ్రాములకి 318. అదే బియ్యం కుక్కర్‌లో మెత్తగా ఉడికి 640 గ్రాములు తూగితే గ్రాముకి 1.11, అదే కంచానికి 278. పెరిగింది నీళ్ల బరువే. అందుకని అన్నానికి రెండు రెసిపీలు పెట్టుకోండి, పొడి అన్నం ఒకటి, మెత్తన్నం ఒకటి. అమెరికాలో ఉన్నవాళ్లు బియ్యం బస్తా మీద పావు కప్పు, 45 గ్రాములు, 160 క్యాలరీలు అని ఉంటే అది ఉడకని బియ్యానికని గుర్తుంచుకోవాలి. కప్పు అనే మాటే ప్రమాదం. అమెరికా లేబుళ్ల కప్పు 240 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. మనింటి స్టీలు గ్లాసుకి లెక్కే లేదు.

తూకానికి 5 కిలోల వరకు తూగే, 1 గ్రాము దాకా చూపించే కిచెన్ స్కేల్ చాలు. రోజూ వాడే గిన్నెల ఖాళీ బరువులు ఒకసారి తూచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వంటయ్యాక గిన్నె ఖాళీ చేసి తూచే తీరిక ఎవరికీ ఉండదు. పొయ్యి మీంచి దించిన గిన్నెని నేరుగా స్కేల్ మీద పెట్టకండి. లోపలి సెన్సర్ వేడెక్కితే అంకె కదులుతూ ఉంటుంది. మధ్యలో చెక్క పీట పెట్టి, పీటతో కలిపి సున్నా చేసి అప్పుడు గిన్నె పెట్టాలి. కొన్ని స్కేళ్లు రెండు నిమిషాలకి వాటంతటవే ఆగిపోతాయి, సున్నా చేసింది పోతుంది. గిన్నె బరువు రాసిపెట్టుకుని ఉంటే అప్పుడు కూడా ఇబ్బంది లేదు.

నూనె చెంచాతో కొలవద్దు. నూనె డబ్బా స్కేల్ మీద పెట్టి, సున్నా చేసి, ఎత్తి బాణలిలో పోసి మళ్లీ పెట్టండి. మైనస్ 22 అని చూపిస్తే పోసింది 22 గ్రాములు, సుమారు 198 క్యాలరీలు. చెంచా కూడా కడగక్కర్లేదు. చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు అంటే 4.5 గ్రాములు, 40 క్యాలరీలు. మన పోపు గరిటెల్లో ఏది ఎంత పడుతుందో తూచేదాకా చెప్పలేం. బజ్జీలు, అప్పడాల్లాంటివి వేయిస్తే బాణలి ముందోసారి, నూనె చల్లారాక ఇంకోసారి తూచాలి. తగ్గిన బరువే పీల్చుకున్న నూనె కింద లెక్క. అడుగున మిగిలిన పిండి ముక్కలు తీసేసి తూచకపోతే తక్కువ చూపిస్తుంది.

దోశ పిండికి దోశల లెక్క పెట్టుకోవడం దండగ. ఒకటి పల్చగా వస్తుంది, ఒకటి దళసరిగా వస్తుంది. బియ్యం 300, మినప్పప్పు 100, మెంతులు 5 గ్రాములు కలిపితే సుమారు 1407 క్యాలరీలు. రుబ్బాక పిండి 1120 గ్రాములు వచ్చిందనుకుంటే గ్రాముకి 1.26. పులిసినా ఈ లెక్క చెప్పుకోదగ్గంత మారదు. మారేది మర్నాడు పల్చన చేయడానికి నీళ్లు పోసినప్పుడు. సగం పిండి, అంటే 560 గ్రాములు వేరే గిన్నెలోకి తీసి 80 గ్రాముల నీళ్లు కలిపితే అది 640 అయింది, గ్రాముకి 1.10కి దిగింది. నీళ్లు కలపకముందే ఎంత పిండి తీశారో తూచుకుంటే ఈ తిప్పలుండవు. నాలుగు దోశలు వేసుకునే ముందూ తర్వాతా గిన్నెని తూచండి. గరిటెకి నీళ్లు కలపని పిండి 75 గ్రాములు పడితే 94, పైన వేసిన 3 గ్రాముల నూనె 27, దోశ ఒక్కటికి 121.

గ్రాముల పద్ధతి కుదరని వంటలు కూడా ఉన్నాయి. గుడ్డు కూర, కోడికూర, మాంసం కూరలో ఒకరికి ముక్కలు పడితే ఒకరికి పులుసు పడుతుంది. వీటిని రెండుగా విడగొట్టండి. ముక్కలు లేకుండా పులుసు మాత్రం రెసిపీ, గుడ్లు లెక్కన విడిగా. కోడి ముక్కలైతే తిన్నాక కంచంలో మిగిలిన ఎముకలు తూచి, వేసుకున్న ముక్కల బరువులోంచి తీసేసి, వండిన మాంసం ఎంట్రీలో వేయాలి. ఎముకతో కూడిన పచ్చి బరువుని ఎముక లేని మాంసం ఎంట్రీలో వేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఆవకాయ కూడా అంతే. జాడీ పైనుంచి తీసిన చెంచాకి, అడుగునుంచి తీసిన చెంచాకి నూనెలో పోలికే లేదు. ఊట తేలుతూ కనిపిస్తే నూనె విడిగా 5 గ్రాములు వేయడం నయం.

భోజనాల పేర్లు మార్చుకోవడం చిన్న పనే కానీ రోజూ పనికొస్తుంది. మై ఫిట్‌నెస్ పాల్‌లో డైరీ సెట్టింగ్స్‌లోకి వెళితే ఆరు దాకా పేర్లు పెట్టుకోవచ్చు. బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్, స్నాక్స్ అన్న విభజనలో మన కాఫీ ఎక్కడా ఇమడదు. పొద్దున్న కాఫీ, టిఫిన్, మధ్యాహ్న భోజనం, సాయంత్రం టీ, రాత్రి భోజనం అని పెట్టండి. ఆరోదానికి "వంటింట్లో" అని పెట్టమంటాను. ఉప్పు చూడ్డానికి వేసుకున్న చెంచాడు కూర, పిల్లల కంచంలో మిగిలింది, డబ్బాలోంచి తీసిన నాలుగు వేరుశనగలు అందులో పడాలి. వంట చేసేవాళ్లకి వారం చివర లెక్క తేలకపోవడానికి కారణం సాధారణంగా ఆ గడిలోనే దొరుకుతుంది. టీని మీల్‌గా దాచుకోండి. 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలు 100 మిల్లీలీటర్లు సుమారు 58, చక్కెర 5 గ్రాములు 20. రోజుకి మూడు తాగితే 234. పాల ప్యాకెట్ 6 శాతం ఫుల్ క్రీమ్‌కి మారిన రోజున ఇది కూడా మార్చాలి.

రెసిపీ పేర్ల ముందు ఏదైనా ఒకే గుర్తు పెట్టండి. "మా టమాటా పప్పు", "మా మెత్తన్నం", "మా దోశ పిండి" అనుకుంటే, వెతికే గడిలో "మా" అనగానే మీవన్నీ ముందుకొస్తాయి, ఎవరివో పప్పులు అడ్డం రావు. తెలుగులో రాసినా ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా మొదటినుంచీ ఒకే తీరుగా ఉండాలి.

హోటల్లోనో పెళ్లిలోనో తిన్నప్పుడు స్కేల్ తీయనక్కర్లేదు. మీ ఇంటి దోశ ఎంట్రీనే తీసుకుని, దానికి 10 గ్రాముల నూనె కలిపి "మా హోటల్ దోశ" అని ఒక మీల్ చేసి ఉంచండి. కూరలకీ అలాగే, ఇంటి రెసిపీ మీద నూనె పెంచి. అది ఉజ్జాయింపే. కానీ ప్రతిసారీ అదే ఉజ్జాయింపు వాడితే, నెల తర్వాత బరువు లెక్కతో కలవకపోయినప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క నూనె అంకె.