నా కిడ్నీ ఎలా ఉంది?

ఏడు నెలలు డయాలసిస్ మీద ఉన్నాను. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మీద వేలు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మనేది. నీళ్లు కొలుచుకుని తాగాలి. ఆ దాహం సంగతి ఎత్తితే తెమలదు, వదిలేస్తాను.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "రిపోర్టులొచ్చాయిరా, నా కిడ్నీ నీకు సరిపోతుందట."

నాకు చెప్పకుండానే టెస్టులన్నీ చేయించుకుంది! కేకలేశాను. నీకు పిల్లలున్నారు, నాకొద్దు అన్నాను. మూడు వారాలు తనతో మాట్లాడలేదు. అక్క మీద ఎంత ప్రేమో అనుకున్నారందరూ. ప్రేమా కాదు, పాడూ కాదు. జన్మంతా తనకు బాకీ పడిపోతానన్న భయం.

స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమను మించింది లేదని యోహాను సువార్త 15వ అధ్యాయంలో ఉంటుంది. సండే స్కూల్ నుంచి నాకది కంఠతా వచ్చు. ఎప్పుడు చదివినా ఇచ్చేవాడి చోట నన్ను ఊహించుకునేవాణ్ణి. పుచ్చుకునేవాణ్ణి కూడా నేనే కావచ్చని ఎప్పుడూ తట్టలేదు. డయాలసిస్ చేస్తుండగా ఒక మధ్యాహ్నం అదే సువార్త 13వ అధ్యాయం చదువుతున్నాను. యేసు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడుగుతుంటే, పేతురు నా పాదాలు కడగొద్దంటాడు. నేను కడగకపోతే నాతో నీకు పాలు, అంటే భాగం, లేదంటాడు యేసు. పేతురుది వినయం అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. ఆ రోజు మాత్రం అచ్చం నా మొండితనమే కనిపించింది.

ప్రసంగాల్లో మాక్సిమిలియన్ కోల్బే గురించి విన్నాను. 1941లో నాజీల ఆష్విట్జ్ క్యాంపులో పదిమందిని ఆకలితో చంపడానికి ఏరినప్పుడు, వాళ్లలో ఒకతను పెళ్లాం పిల్లలను తలచుకుని ఏడిస్తే, అతని బదులు తాను వెళ్లి చనిపోయిన ఫాదర్. ప్రసంగం అక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం బతికిపోయిన ఆ రెండో మనిషి మీదే ధ్యాస. పేరు ఫ్రాన్సిషెక్ గయోవ్నిచెక్. 1982లో కోల్బేను పునీతుడిగా ప్రకటించినప్పుడు అక్కడే ఉన్నాడు. 1995 దాకా బతికాడు. అన్నేళ్లూ రోజూ పొద్దున్నే లేచి ముఖం కడుక్కునేటప్పుడు ఏమనుకునేవాడో!

అక్కకు ఫోన్ చేసి సరేనన్నాను.

ఎవరైనా బలవంతపెట్టారా అని, కిడ్నీ ఇవ్వడానికి అనుమతిచ్చే కమిటీవాళ్లు తనను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగారు. ఏం చెప్పావంటే, "బలవంతపెట్టింది నేనే, వాణ్ణి అడగండి అన్నా" అంది.

పాత కిడ్నీలు తీయలేదు, కొత్తదాన్ని పొత్తికడుపులో కుడివైపు పెట్టారు. మెలకువ వచ్చాక మంచానికి వేలాడే సంచిలో లేత పసుపు నీళ్లు చూశాను. చుక్క చుక్కగా పడుతున్నాయి. నర్సు గంటగంటకూ కొలిచి రాసుకుంటోంది. మూత్రాన్ని చూసి ఏడ్చే రోజొకటి వస్తుందని ఎవరనుకుంటారు?

మూడో రోజు అక్క నా గదికి వచ్చింది. పక్కటెముకల కింద చెయ్యి అదిమిపట్టుకుని, ఒక్కో అడుగూ గోడ ఆసరాతో వేస్తూ. దగ్గొస్తే పెదవి కొరుక్కుంది. ఏ జబ్బూ లేకుండా నడిచొచ్చిన మనిషి. నొప్పి నాకంటే తనకే ఎక్కువ. థ్యాంక్స్ చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు.

కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇప్పుడు రోజూ రెండుపూటలా టైముకు టాక్రోలిమస్ మాత్ర వేసుకోవాలి, జీవితాంతం. మొన్నటి టెస్టులో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.2 వచ్చింది, బాగానే ఉన్నట్టు. అక్క ఎప్పటిలాగే ఫోన్ చేసింది.

"నా కిడ్నీ ఎలా ఉందిరా?"

"నీదేంటి, నాది" అన్నాను.

కాసేపు ఆగి, "అలా అన్నావు, బాగుంది" అని పెట్టేసింది.