బేస్‌బాల్ అంపైర్ పరీక్ష: మూడో అవుట్ దగ్గర పడ్డ తంటా

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడిన ధైర్యంతో బేస్‌బాల్ అంపైరింగ్ పరీక్షకి కూర్చున్నాను. మొదటిసారి తప్పాను. ఇన్‌ఫీల్డ్ ఫ్లై లాంటి చిక్కు రూల్స్ బాగానే రాశాను. దెబ్బకొట్టింది ఒకే ప్రశ్న.

మూడు అవుట్లు పడితే జట్టు బ్యాటింగ్ వంతు అయిపోతుంది. ఇక్కడ ఒక అవుట్ అయింది. ఫస్ట్ బేస్‌లో ఒకడు, థర్డ్ బేస్‌లో ఒకడు ఉన్నారు. బ్యాటర్ గాల్లోకి కొట్టాడు, ఔట్‌ఫీల్డర్ పట్టాడు. రెండో అవుట్. క్యాచ్ పట్టాకే రన్నర్లు బేస్ వదలాలి, ముందే వదిలితే వెనక్కి వచ్చి తాకాలి. థర్డ్ బేస్ వాడు క్యాచ్ పట్టేదాకా ఆగి, పరుగు కోసం ఆఖరి బేస్ అయిన హోమ్‌కి పరిగెత్తాడు. ఫస్ట్ బేస్ వాడు మాత్రం ముందే వదిలేసి వెళ్లాడు. థర్డ్ బేస్ వాడు హోమ్ చేరాక, ఫస్ట్ బేస్ వాడు వెనక్కి వచ్చేలోపే బంతి ఫస్ట్ బేస్‌కి చేరింది. మూడో అవుట్. మరి ఆ పరుగు చెల్లుతుందా?

చెల్లదని రాశాను. క్రికెట్‌లో క్యాచ్ పడితే పరుగు లేదు కదా, ఆ అలవాటు నరనరాన ఉంది. పైగా బేస్ దగ్గర అవుటంటే ఫోర్స్ అవుటే అనుకున్నాను, అంటే వెనకవాడు వస్తున్నందుకు తప్పక ముందుకెళ్లాల్సిన రన్నర్ అవుటవడం.

మా సార్ మర్నాడు తెల్లారకుండానే ఆర్కే బీచ్‌కి రమ్మన్నారు. తడి ఇసుకలో మా ఇద్దరి చెప్పులు నాలుగూ నాలుగు బేస్‌లుగా పెట్టారు. గవ్వలు రన్నర్లు, గులకరాయి బంతి. ఒక చేత్తో గవ్వని హోమ్ వైపు, ఇంకో చేత్తో రాయిని ఫస్ట్ బేస్ వైపు జరుపుతూ, "ఏది ముందు చేరిందిరా?" అన్నారు.

"గవ్వ, సార్."

"అయితే పరుగు ఉన్నట్టే. బ్యాటర్ అవుటైపోయాక వెనకనుంచి తోసేవాడెవడు? ఇంక ఫోర్స్ ఏటిరా?"

అంతే, ముడి వీడిపోయింది. ఫోర్స్ అవుట్‌తో మూడోది పడితే పరుగు పోతుంది. ఇది అప్పీల్ అవుట్, అంటే రన్నర్ చేసిన తప్పు మీద ఫీల్డింగ్ జట్టు అడిగి తీసుకునేది, కాబట్టి ఏది ముందన్నదే లెక్క. ఇంకో మెలిక కూడా చెప్పారు. థర్డ్ బేస్ వాడు కూడా తొందరపడి ఉంటే, ఫీల్డింగ్ జట్టు మైదానం వదలకముందే అక్కడ అప్పీల్ చేసి, నాలుగో అవుట్ తీసుకుని పరుగు చెరిపెయ్యవచ్చు. నాకు బాగా నచ్చిన రూల్ ఇదే. కానీ వాళ్లు అడగాలి. అడగకపోతే అంపైర్ నోరు మెదపకూడదు.

రెండోసారి పాసయ్యాను. నెల తిరక్కుండానే పిల్లల మ్యాచ్‌లో అచ్చం అదే జరిగింది. థర్డ్ బేస్ అబ్బాయి అరడుగు ముందే కదిలాడు, నేను కళ్లారా చూశాను. పరుగు పూర్తయ్యాక ఫస్ట్ బేస్ దగ్గర మూడో అవుట్ పడింది. ఫీల్డింగ్ పిల్లలు కేరింతలు కొడుతూ ఒక్కొక్కరే మైదానం దాటుతున్నారు. చివరివాడు కూడా లైన్ దాటేదాకా గుండె దడదడలాడుతూనే ఉంది. అప్పుడు స్కోరర్ వైపు తిరిగి, పరుగు రాయమని చెయ్యి చూపించాను.