ఆదివారం చికెన్ బుధవారానికి

"అన్నా, ఇవాళ చికెన్ లేదా?" అంటే హాస్టల్ మెస్‌లో గరిటె పట్టుకున్న అన్న మాట్లాడకుండా గోడ చూపించాడు. కొత్త మెనూ. చికెన్ ఇక బుధవారమట, ఆదివారం ఆలూ కుర్మా.

పాత కాగితం మీదే అంటించేశారు. ‘ఆదివారం: బగారా, చికెన్’ అన్న లైను కింద నుంచి సగం కనిపిస్తూనే ఉంది, మమ్మల్ని ఉడికించడానికన్నట్టు.

వీకెండ్‌కి సగం మంది ఇళ్లకెళ్తున్నారు, వండింది మిగిలిపోతోంది అన్నారు. లెక్క కరెక్టే. కాకపోతే బస్సు చార్జీలు చూసుకుని ఊరికెళ్లకుండా ఆగేది మేమే కదా!

2024 చివర్లో తెలంగాణ గవర్నమెంటు ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ డైట్ చార్జీలు, అంటే ఒక్కొక్కరి తిండికిచ్చే డబ్బు, నెలకు 1500 నుంచి 2100 చేసింది. అంటే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటల అన్నం, అంతా అందులోనే. బయట ఆ డబ్బుకి ఒక ప్లేట్ బిర్యానీ రాదు. మెస్ అన్నని ఏమంటాం?

చివరికి రూమ్మేట్ వాళ్లమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా బయటికొచ్చింది. పది మందిమి పడ్డాం. అడుగు కనిపించింది.

వాడు రేప్పొద్దున ఊరి నుంచి బస్సుకి దిగుతాడు.